గ్రామోద్యోగి మొఱ

వికారాబాదు జిల్లాలోని బంట్వారము మండలమున ఏదేని యొక చిన్న గ్రామమునకు తెల్లవారగనే పోయి చూచినవారికి పంచాయతి కార్యదర్శి యను ఉద్యోగి బ్రతుకు ఎట్టిదో కొంత తెలియగలదు. వీథి ఊడ్చినారా లేదా యని చూచుట అతని పని. మురుగుకాలువ, కుళాయి, వీథి దీపము, ఇంటిపన్ను, జనన మరణముల నమోదు, నర్సరీలోని మొక్కలు, చెత్త షెడ్డు, వైకుంఠధామము, ఉపాధి హామీ కూలీల హాజరు, ఎన్నికలు వచ్చిన ఓటర్ల జాబితా - ఇవన్నియు అతని తలమీదనే యున్నవి. ఒకవైపు సర్పంచి, మరియొకవైపు మండల కచేరి. కరవుమన్న కప్పకు కోపము, విడువుమన్న పామునకు కోపము. ఇన్ని పనులు చేయువాడు తప్పు చేయడా? చేయును. చేసిన వానిని దండించు అధికారము ప్రభుత్వమునకు ఉండవలదా? ఉండవలెను. ఈ రెండు మాటలయందును మాకు వివాదము లేదు. మా ప్రశ్న మూడవది. దండింపబడినవాడు, తన మాట కూడ వినుమని పోవలసిన గుమ్మము ఏది? ఆ గుమ్మమునందు కూర్చున్నవాడు ఎన్నాళ్లలో బదులు చెప్పవలెను?

ఇది ఉద్యోగుల సొంత గోడు, మనకేమి పట్టినదని పాఠకులు పుట త్రిప్పవలదు. సస్పెండైన కార్యదర్శి స్థానమున ప్రక్క గ్రామపు కార్యదర్శికి అదనపు బాధ్యత యొసగుదురు. అతడు వారమునకు రెండుమారులు వచ్చిన గొప్ప. పుట్టిన బిడ్డకు ధ్రువపత్రము కావలసిన తల్లి, ఇంటి అనుమతి కావలసిన రైతు, కూలి మస్టరులో పేరు తప్పిన ముసలమ్మ అతని రాకకై ఎదురుచూచుచుందురు. కచేరిలో ఒక అప్పీలు ఫైలు ఆరు నెలలు పండుకొన్నచో ఊరిలో ఆరు నెలలు పనులు పండుకొన్నట్లే.

కొంచెము వెనుకకు పోయి చూతము. తెలంగాణ పంచాయతిరాజ్ చట్టము 2018లో వచ్చెను. ప్రతి గ్రామమునకు ఒక కార్యదర్శి ఉండవలెనను మంచి సంకల్పముతో 9,355 జూనియర్ పంచాయతి కార్యదర్శుల ఉద్యోగములకు ఆ యేడాదియే ప్రకటన వెలువడెను. పరీక్ష వ్రాసి గెలిచినవారు 2019 ఏప్రిలులో పనిలో చేరిరి. నెలకు 15,000 రూపాయలు, మూడేండ్లు పరీక్షాకాలము, ఆ పిదప పనితీరు చూచి స్థిరపరచెదమని మాట. మూడేండ్లు నడుమ నాలుగేండ్లాయెను. జీతము మాత్రము 2021 జూలై నుండి 28,719 రూపాయలకు పెరిగెను. నాలుగేండ్లును నిండెను గాని ఉత్తర్వు రాలేదు. అపుడు, 2023 ఏప్రిలు 28వ తేదీని, వారు సమ్మెకట్టిరి. చేరునపుడు వ్రాసి యిచ్చిన బాండు ప్రకారము సమ్మె చేయు హక్కు మీకు లేదు, మే 9 సాయంత్రము ఐదు గంటలలోపల పనిలో చేరనిచో తొలగింపబడుదురు అని తాఖీదు వెడలెను. 13వ తేదీని వారు సమ్మె విరమించిరి. ఆ నెలలోనే ముఖ్యమంత్రి స్థిరపరచుటకు అంగీకరించెను. పనితీరునకు మార్కులు వేయుటకు జిల్లాలలో సంఘములు ఏర్పడెను. నూటికి 70 మార్కులు వచ్చినవారు స్థిరపడిరి.

ఇందులో తప్పెవరిది, ఒప్పెవరిది అని తీర్పు చెప్పుటకు మేము పూనుకొనలేదు. ఒక్క విషయమును మాత్రము పాఠకులు గమనింపవలెను. నాలుగేండ్లు పూర్తియైనవానికి ఉద్యోగము స్థిరమైనదా లేదా అనుటకు ఫలానా తేదీకి ఫలానా అధికారి బదులు వ్రాసి యియ్యవలెనను నియమము ఆచరణలో నుండినయెడల ఆ పదునారు దినముల సమ్మెయే రాకపోయెడిది. తొలగింతుమను మాటయు, స్థిరపరచితిమను మాటయు రెండును పైనుండి దిగివచ్చినవే. నడుమ విచారణ యనునది లేదు.

ఇంతకన్న కఠినమైన కథ ఉపాధి హామీ క్షేత్ర సహాయకులది. వారు 2020 మార్చిలో సమ్మె చేసిరి. ఏడువేలకు పైబడిన వారిని ఒక్కసారిగ తీసివేసిరి. వారి పనినంతయు తెచ్చి, అప్పటికే మునిగియున్న జూనియర్ కార్యదర్శుల మెడకు కట్టిరి. 2022 ఆగస్టులో మరల పనిలోనికి తీసికొనిరి. తీసివేసినపుడు వారి యపరాధము విడివిడిగ విచారించి తేల్చినవారు లేరు. తీసికొన్నపుడును మేము చేసినది పొరపాటని వ్రాసినవారు లేరు. నడుమ రెండేండ్లకు పైగా ఆ కుటుంబములు ఏమి తినెనని అడుగుటకు ఏ రిజిస్టరులోను గడి లేదు. మరల చేర్చుకొన్నారు గనుక సంతోషింతము. కాని అనుగ్రహముచేత వచ్చిన ఉద్యోగము ఆగ్రహముచేత పోవుట కష్టము గాదు.

గ్రామ రెవిన్యూ అధికారుల సంగతి చూడుడు. ఈ దేశమున పటేలు పట్వారీల పద్ధతి తరతరములనాటిది. వంశపారంపర్యముగ వచ్చిన ఆ అధికారముచేత ఊరు ఎంత నలిగినదో మా పాఠకులలో పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1984లో నాటి ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సుచేత రద్దుచేయగా, అది చెల్లునని సుప్రీంకోర్టు 1985లో తీర్పుచెప్పెను. పదవిని రద్దుచేయుట వేరు, మనిషిని శిక్షించుట వేరు అనునది ఆ తీర్పులోని మూలసూత్రము. న్యాయశాస్త్రమున అది సరియే. కాని పదవితో పాటు కొట్టుకొనిపోయిన మనిషికి ఆ భేదము బోధపరచుట సులభము గాదు. 2020 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ గ్రామ రెవిన్యూ అధికారుల పదవులను మరల రద్దుచేసెను. అయిదువేలకు పైబడిన ఉద్యోగులు జీతము కలిగి, నిశ్చితమైన పని లేక, సుమారు రెండేండ్లు గడపిరి. 2022లో వారిని ఇతర శాఖలకు పంచిరి. ఎట్లు పంచిరి? కలెక్టరు కచేరులలో చీటీలు తీసి! ఇరువదియేండ్లు పహాణీలు చదివినవాడు ఏ శాఖకు పనికివచ్చునో చీటీ నిర్ణయించెను. పిమ్మట భూభారతి చట్టము 2025లో వచ్చినపుడు గ్రామమునకు మరల రెవిన్యూ ఉద్యోగి కావలసివచ్చెను. ఆ పాతవారికే పరీక్ష పెట్టి, గ్రామ పాలనాధికారులను పేరుతో అదే సెప్టెంబరులో దాదాపు అయిదువేల మందికి నియామక పత్రము లిచ్చిరి. అయిదేండ్లలో చక్రము పూర్తిగ ఒక చుట్టు తిరిగినది. ఊరిలో అవినీతి తగ్గించుటకై పదవిని తీసిరని చెప్పిరి. అవినీతిపరుడెవ్వడో విడదీసి దండించుటకు విచారణ కావలెను, సాక్ష్యము కావలెను, ఓపిక కావలెను. పదవిని తుడిచివేయుటకు ఒక దినము చాలును.

ఇక వికారాబాదు జిల్లా వారికి ప్రత్యేకముగ తగిలిన విషయమునకు వత్తుము. ఈ ప్రాంతము పేర్లు మార్చుకొనుటలో అలవాటుపడినది. తాండూరు నిజాము కాలమున గుల్బర్గా జిల్లాలోనుండి 1956లో హైదరాబాదు జిల్లాకు వచ్చెను. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినపుడు ఈ భాగమంతయు అందు చేరెను. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా పుట్టెను. బంట్వారమునుండి కొన్ని గ్రామములు విడిపోయి కోట్‌పల్లి మండలములో కలిసెను. సరిహద్దు గీత కదలిన ప్రతిసారి ఉద్యోగుల సర్వీసు రిజిస్టరులు బండికెక్కవలసినదే. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఈ జిల్లాను జోగులాంబ జోనులో నుంచగా, ప్రజలు హైదరాబాదుతోడి సంబంధము తెంపవలదని మొఱపెట్టిరి. 2021లో చార్మినారు జోనునకు మార్చిరి. మొఱ విన్న సందర్భములును కలవని చెప్పుటకే దీనిని ప్రస్తావించితిమి.

కాని ఆ యేడాదియే డిసెంబరు 6వ తేదీని 317వ సంఖ్యగల జీ.వో. వెలువడెను. పాత జిల్లాల ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచుట దాని పని. పంచుటకు కొలమానము సీనియారిటీ. ఏ ఊరివాడు, ఎక్కడ చదివెను అను స్థానికత లెక్కకు రాలేదు. సీనియరు కోరిన జిల్లాకు పోవును. మిగిలిన జిల్లాకు జూనియరు పోవును. పాత రంగారెడ్డి జిల్లా మూడుగా చీలినపుడు ఇందలి పర్యవసానము ఏమగునో ఊహింపుడు. హైదరాబాదు నగరమున పనిచేయు ఉద్యోగికి 2021 నాటి వేతన సవరణ ప్రకారము ఇంటి అద్దె భత్యము నూటికి 24. బంట్వారము వంటి గ్రామమున పనిచేయువానికి 11. నగరపు అంచున కూర్చుండి ఎక్కువ భత్యము పొందు అవకాశమును సీనియరు ఏల విడుచును? ఆ లెక్కన మారుమూల మండలములకు వచ్చువారు జూనియర్లే. వారిలో ఈ నేల బిడ్డలు కొందరు వేరే జిల్లాకు పోగా, ఎక్కడివారో ఇక్కడికి వచ్చుటయు, భార్య ఒక జిల్లా భర్త ఒక జిల్లా యగుటయు రాష్ట్రమంతట జరిగెను. స్థానికులకు ఉద్యోగములు అను మాట ఈ దేశమున 1919 నాటి ముల్కీ నిబంధనలనుండి వినబడుచున్నది. 1969 ఉద్యమము, 1973 ఆరు సూత్రములు, 1985 నాటి 610వ జీ.వో. - ఇన్ని మెట్లెక్కి సాధించిన రాష్ట్రమున స్థానికతను విడిచి పంపకము చేయుట మాకు వింతగ నుండెను. ఉద్యోగులు, ఉపాధ్యాయులు రోడ్డెక్కిరి. అప్పీళ్లు కుప్పలుగ పడెను. ప్రభుత్వము మారిన పిదప 2024లో మంత్రివర్గ ఉపసంఘము కూర్చుండెను. ఆ నవంబరు 30న భార్యాభర్తల, రోగుల, పరస్పర మార్పిడివారల విషయమున ఉత్తర్వులు వచ్చెను. చదువుడు: ఉత్తర్వు డిసెంబరు 2021, ఉపశమనము నవంబరు 2024. బడిలో చేరిన బిడ్డ మూడు తరగతులు దాటినది.

చట్టమున అప్పీలు లేదా యని అడుగుదురేమో. ఉన్నది, పుష్కలముగ నున్నది. ప్రభుత్వోద్యోగిని కారణము చెప్పు అవకాశమీయక తొలగింపరాదని 1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టమే చెప్పినది. దానిని మన రాజ్యాంగము 311వ అధికరణముగ నిలుపుకొన్నది. వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమములని 1991 నాటి పుస్తకమొకటి కచేరీలలో అలమరల యందున్నది. అభియోగపత్రము ఎట్లు వ్రాయవలెనో, విచారణాధికారి ఏమి చేయవలెనో, ఎవరి ఉత్తర్వుపై ఎవరికి అప్పీలో అందు చెప్పబడినది. విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇచ్చి, దానిపై అతని మాట విన్న పిదపనే శిక్ష వేయవలెనని సుప్రీంకోర్టు 1993లో స్థిరపరచినది. ఆ వ్యాజ్యము మన హైదరాబాదులోని ఈ.సీ.ఐ.ఎల్. సంస్థ ఉద్యోగి నడపినదని తెలుగువారు గర్వముతో చెప్పుకొనవచ్చును. సస్పెండు చేసి మూడు నెలలలో అభియోగపత్రమీయనిచో ఆ సస్పెన్షన్ కొనసాగరాదని 2015లో అదే కోర్టు చెప్పినది. ఇతర దేశములలో ఇట్టి హక్కులు ఊరక రాలేదు. ఫ్రాన్సు దేశమున సైన్యాధికారుల మతాభిప్రాయములపై రహస్యముగ చీటీలు కూర్చిన సంగతి బయటపడి పెద్ద గగ్గోలు పుట్టగా, శిక్షకు ముందు ఉద్యోగి తన ఫైలును తాను చూచుకొనవచ్చునని 1905 ఏప్రిలులో చట్టము చేసిరి. నూటయిరువదియేండ్ల నాటి మాట అది! మన మండలములలో నేడు ఎందరు కార్యదర్శులు తమ ఫైలును కన్నులార చూచిరి? పాఠకులు తమకు తెలిసిన కార్యదర్శిని అడిగి చూడవచ్చును.

దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడను సామెత ఇచ్చట చక్కగ అతుకును. నియమము ఉన్నది, నడుపువాడు లేడు. జిల్లా కచేరిలో సిబ్బంది వ్యవహారములు చూచు సెక్షనులో ఒక సూపరింటెండెంటు, ఇద్దరు ముగ్గురు సహాయకులు కూర్చుందురు. వారికి బదిలీలు, సెలవులు, ఇంక్రిమెంట్లు, కోర్టు కేసుల ప్రతివాదములు, పింఛను కాగితములు. వీనికి తోడు పైనుండి సాయంత్రములోగా పంపవలెనను నివేదికలు. అప్పీలు ఫైలు ఆలస్యమైనచో అడుగువాడు లేడు గనుక అది అడుగున చేరును. విచారణాధికారిగ నియమింపబడినవాడు అదే శాఖలో పనిచేయు మరియొక అధికారి. అతనికి తన పని తనకున్నది. పైగా అభియోగము మోపినవానితో రేపు కూర్చుండి సమీక్ష జరుపవలసినవాడు. అతనిని నిందించుట మా యుద్దేశము గాదు. ఏ మనిషిని ఆ కుర్చీలో కూర్చుండబెట్టినను అదే జరుగును. ఇంతలో సస్పెండైన కార్యదర్శి సగము జీతమునకు సమానమైన జీవనభృతితో కాలము గడపవలెను.

నియమపుస్తకము ఎవరికి వర్తింపదో వారి సంగతి మరియు ఘోరము. పంచాయతిలో చీపురు పట్టువాడు, ట్రాక్టరు నడుపువాడు, నీళ్లు వదలువాడు బహుళార్థ కార్మికులను పేరున పిలువబడుచున్నారు. 2019లో 51వ సంఖ్య జీ.వో. ప్రకారము వారికి నెలకు 8,500 రూపాయలు. 2023 మేడే నాడు వేయి రూపాయలు పెంచిరి. ఆ యేడు జూలైలో వారు రాష్ట్రమంతట సమ్మె చేసిరి. రేపటినుండి రావలదన్నచో ఆ కార్మికుడు ఏ నియమము క్రింద, ఎవరికి అప్పీలు చేసికొనవలెను? ఆ 1991 నాటి పుస్తకములో అతనికి చోటు లేదు. ఊరిలో కక్షలు కార్మికుని తలమీద పడుట సులభము. క్రొత్త సర్పంచి వచ్చెననగా పాతవానికి ఓటు వేయించినవాడెవ్వడో వెదకుట కొన్నిచోట్ల ఆచారము. 2024 ఫిబ్రవరినుండి దాదాపు రెండేండ్లు సర్పంచులు లేక ప్రత్యేకాధికారులతో నడచిన పంచాయతీలకు 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి. క్రొత్త పాలకులకు మా మనవి ఒక్కటే: చీపురువానిని తీసివేయదలచినచో కారణమును కాగితముమీద వ్రాసి అతని చేతికిండు, అతని బదులును వ్రాయించి తీసికొనుడు. అతనికి వ్రాయరానిచో కార్యదర్శి కాక మరియొకరు వ్రాసిపెట్టవలెను.

మిగిలినది కోర్టు. పూర్వము ఉద్యోగుల వ్యాజ్యములకు ప్రత్యేకముగ పరిపాలనా ట్రిబ్యునలు ఉండెడిది. ఆ ట్రిబ్యునలు తీర్పును ప్రభుత్వమే మార్చవచ్చును, రద్దుచేయవచ్చునని 371-డి అధికరణములో ఒక నిబంధన యుండెను. ముద్దాయియే తీర్పును దిద్దుకొను నీ విచిత్రమును సాంబమూర్తి కేసున సుప్రీంకోర్టు కొట్టివేసినది. అంత పోరాడి నిలుపుకొన్న ట్రిబ్యునలును, దాని పనిలో జాప్యమున్నదని, తెలంగాణమువరకు 2016లో ఎత్తివేసిరి. వ్యాజ్యములన్నియు హైకోర్టునకు పోయెను. జాప్యమున్న మాట నిజమే. రోగి మందకొడిగ నడచుచున్నాడని కాళ్లు తీసివేయుదురా? బంట్వారమునుండి వికారాబాదునకు ఒక బస్సు, వికారాబాదునుండి సుమారు 70 కిలోమీటర్లు హైదరాబాదునకు రైలు, ఆపైన వకీలు ఫీజు. రెండు ఇంక్రిమెంట్లు కోసినందుకు అంతదూరము పోవువాడెవ్వడు? పోనివారి సంఖ్యను చూచి, ఉద్యోగులు తృప్తిగ నున్నారని ఎవరైన నివేదిక వ్రాసినచో మేము ఆశ్చర్యపడము.

మా మాటలకు ఒక ఆక్షేపణ తప్పక వచ్చును. ఊరికి రాక, పట్టణమున కాపురముండి, ఫోటోలు పంపి హాజరు చూపించు ఉద్యోగులు లేరా? ధ్రువపత్రమునకు చేయి చాపువారు లేరా? ఉన్నారు. అట్టివారికి అప్పీళ్లు, విచారణలు అని దారులు తెరచినచో శిక్ష యన్నది ఎన్నటికి? ఈ ఆక్షేపణలో నిజమున్నది. కాని అది మా వాదమునకే బలము. దొంగకు కావలసినది జాప్యము. విచారణ రెండేండ్లు సాగినచో సాక్షులు మరతురు, కాగితములు చెదలు తినును, మంత్రి మారును, తుదకు మందలింపుతో ఫైలు మూతపడును. నిర్దోషికి ఆ రెండేండ్లు శిక్ష. దోషికి ఆ రెండేండ్లు రక్ష. మొక్కలు నూటికి 85 బ్రతుకనిచో సర్పంచి, కార్యదర్శుల పదవులకే ముప్పని 2018 నాటి చట్టము వచ్చినపుడు బెదరించిరి. వాన రాకున్నను, మేకలు తినినను, నిధులు రాకున్నను లెక్క ఒక్కటే. ట్రాక్టరు డీజిలునకు అప్పుచేసి పోసితిమని కార్యదర్శులు అనేక జిల్లాలలో మొఱపెట్టిన కాలముననే మెమోలును జారీయగుచుండెను. ఎండిన మొక్కకు కారణము అలసత్వమా, అనావృష్టియా అని తేల్చువాడు లేనిచో కష్టించువాడును సోమరియు ఒకే గాటికి కట్టబడుదురు. అపుడు కష్టించువాడు కూడ సోమరితనమును నేర్చును. ఆ పాఠమునకు ఫీజు చెల్లించువారు గ్రామస్థులు.

ప్రభుత్వము పెద్ద పనులు చేయదలచినచో ట్రిబ్యునలును పునరుద్ధరించి, జిల్లాలలో వంతులవారీగ కూర్చుండునట్లు చేయవలెను. దానికి కాలము పట్టును. రేపు ఉదయమే చేయదగిన పని యొకటి కలదు. శిక్ష వేసిన ప్రతి ఉత్తర్వు చివర, దీనిపై అప్పీలు ఎవరికి, ఎన్ని దినములలోపల అని తెలుగులో రెండు పంక్తులు వ్రాయించుట. జిల్లా కచేరిలోను, మండల కచేరిలోను ఒక రిజిస్టరు తెరచి, అప్పీలు వచ్చిన తేదీ, ఎవరియొద్ద నున్నది, తేలిన తేదీ అను మూడు గళ్లు గీయుట. ఉద్యోగి పేరు వ్రాయనక్కరలేదు, సంఖ్య చాలును. దానిని తాళములో గాక, వచ్చిపోవువారు చూచునట్లు బల్లమీద నుంచుట. తేలిన తేదీ గడి ఎంతకాలము ఖాళీగ నున్నదో ప్రతి నెలయు కలెక్టరు చూచి వ్రేలుముద్రవలె సంతకము చేసిపోక, ఆలస్యమునకు కారణము అడుగుట. ఇందులకు క్రొత్త చట్టము వలదు, క్రొత్త ఉద్యోగము వలదు. స్టేషనరీ పద్దులో ఒక పుస్తకము వెల సరిపోవును.

బంట్వారము మండల కచేరిలో అట్టి పుస్తకము తెరచిన దినమున మా పాఠకులెవ్వరైన ఒక కార్డు వ్రాయగోరుచున్నాము. దాని మొదటి పుటలోని తేదీలను ఈ స్థలముననే ప్రకటింతుము.